ఎండునేల మీద నిలిచిన నీరు

హైదరాబాదు అంచునున్న బడంగ్‌పేట నుండి నాదర్‌గుల్ దిక్కునకు పోవుచు, కట్టి ముగిసిన ఇండ్లకును కట్టబోవు ఇండ్లకును నడుమ ఇంకను మిగిలియున్న ఏదేనొక బండ మీదికెక్కి, రోహిణి కార్తెలో మధ్యాహ్నవేళ నాలుగు దిక్కులు పరికించినచో, పారెడి నది లేక, పట్టెడు నీడ లేక, ఎర్రని మొరము, తంగేడు పొదలు, ఒకదానిపై నొకటి ఎవరో ఎత్తిపెట్టినట్లున్న గుండ్లు తప్ప కంటికి మరేమియు తగులని ఎత్తైన ఎండునేల యొకటి గోచరించును. రోహిణిలో రోళ్ళు పగులునని పెద్దలనెడి మాట అచ్చట నిలుచున్నవానికి అతిశయోక్తిగా తోపదు. ఐనను ఇదే నేల మీద వేయేండ్లకు పైగా ఊళ్ళు నిలిచినవి, వరి పండినది, గుళ్ళును మసీదులును లేచినవి, తుదకొక మహానగరమే వెలసినది. ఎడారికి అడుగు దూరమున నున్న ఈ మెట్టసీమ ఎడారి కాకపోవుటకు కారణము దీని చెరువులు. ఆ చెరువులన్నియు మనుష్యులు త్రవ్వి, కట్టి, తరతరములుగా కాచుకొన్నవి. అందుచేత ఈ ప్రాంతపు చరిత్రను రాజుల వరుసలో గాక చెరువుల వరుసలో చదువవలెనని నా నమ్మకము.

ముందుగా రాతి సంగతి చెప్పవలెను. సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్లకు పైని ఎత్తున నున్న ఈ పీఠభూమికి పునాదియైన గ్రానైటు, నైస్ శిలలు దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటివి. ప్రాణికోటిలో చేపయు చెట్టును పుట్టకమునుపే గట్టిపడిన రాళ్ళివి. పడమట వికారాబాదు దాటిన పిదప కనబడు నల్లని లావా శిలలు సుమారు ఆరున్నర కోట్ల యేండ్ల నాటివి కాగా, వాని మీద నల్లరేగడి ఏర్పడినది. మన తూర్పుదిక్కున ఆ భాగ్యము లేదు. ఇచ్చటి గ్రానైటు చితికి ఎర్రని చలకగను మొరముగను మారినది. చలకలో నీరు నిలువదు, ఎరువు నిలువదు. వాన కురిసిన నాలుగు దినములకే పైపొర గుల్లబారి గాలికి లేచును. మన గుట్టల మీది గుండ్లను చూచి, వీనినెవరు పేర్చిరని పిల్లలడుగుదురు. నేల లోపల పగుళ్ళ వెంట నీరు చొచ్చి, రాతి మూలలను యుగయుగములుగా కొరికి గుండ్రము చేయగా, పైనున్న మన్ను కొట్టుకొనిపోయిన తరువాత ఆ గుండ్లు ఉన్నవి ఉన్నచోటనే బయటపడినవి. కనుక వానిని పేర్చినది నీరే. నీరు కరువైన ఈ నేలకు రూపము దిద్దినదియు నీరే యగుట తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

వర్షము మాటకు వచ్చిన, కొంకణ తీరమున 200 సెంటీమీటర్లకు మించి కురిసిన నైఋతి మేఘములు సహ్యాద్రిని దాటునప్పటికి బరువు దించుకొని, మనవైపునకు తేలికపడి వచ్చును. హైదరాబాదున ఏడాది మొత్తమునకు పడునది సుమారు 80 సెంటీమీటర్లు; అందులో ముప్పాతిక పాలు మృగశిర మొదలుకొని హస్త వరకు గల నాలుగు నెలలలోనే, అదియు కొన్ని దినములలో కొన్ని గంటలలో కుండపోతగా కురిసిపోవును. తక్కిన ఎనిమిది నెలలు ఆకాశము రిత్త. పైని వాన దబ్బున పడును, క్రింది రాయి దానిని తాగదు, నడుమనున్న చలక పట్టి ఉంచదు. పడిన చుక్క పడినట్లే వాగులబడి మూసీకి, మూసీ వెంట వాడపల్లి చెంత కృష్ణకు, అటనుండి సముద్రమునకు పోవుటయే ఇచ్చటి స్వభావధర్మము.

ఈ ధర్మమునకు ఒదిగి బ్రతుకు నేర్చిన చెట్టుచేమలను చూడుడు. తంగేడు, తుమ్మ, రేగు, బలుసు, మోదుగ, ఈత, తాడి, ఆపై ఎవరును నాటకయే గుట్ట సందులలో మొలచి ఆశ్వయుజ మాసమునకు కండ్లు విచ్చు సీతాఫలము. వీనిలో ఒక్కటియు నీటిని దండిగా కోరునది కాదు. జంతువులలో ఈ నేలకు తగిన వన్నె కృష్ణజింకది. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రహదారి వెంట పోవువారు కుడివైపున చూచెడి మహావీర హరిణ వనస్థలి, ఒకనాడు నిజాము ప్రభువుల వేటభూమి. మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవ స్మారకముగా 1975లో దానిని జింకల శరణాలయముగా ప్రకటించిరి. 1994లో అది జాతీయోద్యానమైనది. వైశాల్యము సుమారు 14.59 చదరపు కిలోమీటర్లు. వీపు నల్లగను పొట్ట తెల్లగను, మెలితిరిగిన కొమ్ములతో పొట్టిగడ్డి నడుమ నిలిచిన మగజింకను చూచినవారికి, ఈ గడ్డిబీడును ‘బంజరు’ అని కాగితముల మీద వ్రాసినవారు ఎంత పొరబడిరో తెలియును. దట్టమైన అడవిలో అది బ్రదుకలేదు. పరుగుకు అడ్డులేని ఎండుబీడే దానికి ఇల్లు. నగరము నాలుగు వైపుల చుట్టుకొన్న తరువాత ఆ ప్రహరీ లోపల మిగిలినదే నాటి మెట్టసీమకు నిలువెత్తు నమూనా.

మనుష్యులలో ఈ నేలను మొదట చదివినవారు గొర్రెల కాపరులని నా యూహ. బాలాపూరు మండలమున కుర్మల్‌గూడ యను ఊరి పేరులో కురుమల జాడ వినబడుచున్నట్లును, జిల్లెలగూడ పేరులో చలకలకు ప్రియమైన జిల్లేడు పలుకుచున్నట్లును నాకు తోచును. దక్కనీ గొర్రె నల్లని ముతక ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గము మీద నేసిన గొంగడి, వానకు గొడుగు, చలికి దుప్పటి, ఎండకు నీడ, పొలము గట్టున పరుపు, పెండ్లిలో పీట. నాలుగు కాలములకు ఒక్క వస్త్రముతో సరిపెట్టుకొన్న ఆ పొదుపు ఈ భూమి నేర్పినదే. అట్లే తిండి: జొన్నలు, సజ్జలు, కొర్రలు, కందులు, ఉలవలు, నూనెకు ఆముదములు. గటకయు అంబలియు తాగి బ్రతికిన ఈ జనుల భోజనమును పేదల భోజనమని చులకన చేసిన కాలము ఒకటి గడచినది. రెండు వానలతో పండెడి పంటను ఎన్నుకొనుటలో ఉన్న తెలివి ఆ కాలమువారికి కానరాలేదు.

గుట్టలును ఈ సీమలో ఊరకుండలేదు. రెండువేల యేండ్లకు మించిన ప్రాచీనులు తమ మృతులను పెద్దబండల వలయముల నడుమ పూడ్చిన తావులను మన పల్లెలవారు ‘రాకాసిగుళ్ళు’ అందురు. అట్టివి మౌలాలీ చెంత బయటపడినవి. దిల్‌సుఖ్‌నగర్ చేరువ చైతన్యపురిలో, మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి వెలసిన గుట్ట మీది బండపై బ్రాహ్మీలిపిలో చెక్కిన ప్రాకృత శాసనమొకటి కలదు. విష్ణుకుండినుల కాలపుదైన ఆ శాసనము గోవిందరాజ విహారమను బౌద్ధవిహారమును పేర్కొన్నది. భాగ్యనగరపు ఎల్లలలో దొరికిన శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది అదియే. అనగా నగరము పుట్టుటకు వేయియేండ్లకు పైగా మునుపే, నేడు సిటీబస్సులు క్రిక్కిరిసి పోవు ఆ తావున భిక్షువులు నివసించి, వారి నివాసమునకు ధర్మదాతలు దానములు చేసిరన్నమాట. అచ్చటికి కొంత దూరమున ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, నిజాము కొలువున సేనానియై 1798లో మరణించిన ఫ్రెంచి వీరుడు రేమండ్ సమాధిస్తంభమున్నది. ‘ముసే రేమండ్’ జనుల నోట ‘మూసారాం’ అయి మూసారాంబాగుగా నిలిచినాడు. బండ దొరికినచోట పేరు నిలుపుకొనుట ఈ సీమవారి అలవాటు. నీరు నిలుపుట అంతకంటె కష్టము.

ఆ కష్టము ఎట్టిదో కొంచెము తీరికగా చూడవలెను. రెండు మిట్టల నడుమ పల్లము తావున అడ్డముగా మట్టికట్ట వేసి, లోపలివైపు అలలకు కోసిపోకుండ రాతికట్టు పేర్చి, కట్ట అడుగున తూము పెట్టి, ఒక కొసన బండ మీదుగా మిగులు నీరు పొరలిపోవ మత్తడి కట్టిన యెడల చెరువైనది. పాత చెరువులలో తూమును దగ్గరగా చూచినవారు కలరా? నీటిలోనికి చొచ్చి నిలువుగా నాటిన రెండు రాతిగుంజలు, వాని నడుమ అడ్డముగా తొలిచిన రాతిపట్టెలు, పట్టెల రంధ్రముల గుండ దిగు పొడవాటి కొయ్య, కొయ్య చివర బిరడా. నీరటివాడు ఈదుకొనిపోయి ఆ కొయ్యను జానెడు పైకెత్తిన జానెడు నీరు, బెత్తెడెత్తిన బెత్తెడు నీరు కాలువకు దిగును. ఎవరి మడికి ఎన్ని గడియల నీరో నీరటికి నోటిలెక్క. ఆ లెక్క తప్పినచో ఊరు రెండగును గనుక, నీరటితనము నమ్మకము మీద నడచిన వృత్తి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ ఊరి చెరువునకు, దాని మత్తడి మరియొక కుంటకు, ఈ విధమున వాగు పొడవునను గొలుసువలె చెరువులుండుటచే, పైనుండి క్రిందకు పరుగెత్తు వాననీరు ఊరూరను ఆగి ఆగి పోయెడిది. నిండిన చెరువు క్రింద ఆయకట్టు తడియుటయే గాక, నీరు రాతిపగుళ్ళలోనికి మెల్లగా ఇంకి దిగువనున్న మోటబావులలో ఊట పెరిగెడిది. వేసవిలో ఎండిన చెరువు మట్టిని బండ్లకెత్తి చలకలకు తోలుకొనుటచే పూడిక తీయుటయు ఎరువు వేయుటయు ఒక్క పనిలో ముగిసెడిది. కట్టను కాచుటకు కట్టమైసమ్మ. బతుకమ్మను సాగనంపుటకు చెరువునీరు. ఇంత పని పొందికగా చేసిన యేర్పాటు ఈ సీమలో మరొకటి లేదని నిస్సంకోచముగా చెప్పగలను. దీనికి మట్టి మోసినవారు, రాయి కొట్టినవారు వడ్డెరలు. శాసనములలో వారి పేర్లు లేవు.

ఈ విద్య గ్రంథస్థమై కూడ ఉండెనని నిరూపించు శాసనమొకటి కడపసీమలోని పోరుమామిళ్ళ చెరువు చెంత కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు క్రీ.శ. 1369లో వేయించిన ఆ శాసనము, చెరువు కట్టుటకు రెండేండ్లు పట్టెననియు, దినమునకు వేయిమంది కూలీలును రాతికై నూరు బండ్లును పనిచేసెననియు తెలుపుటయే గాక, మంచి చెరువునకు పండ్రెండంగములను, చెడ్డ చెరువునకు ఆరు దోషములను ఏర్పరచి చెప్పినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టి నేల, మంచినీటి యేరు, ఇరుప్రక్కల కొండలు, వాని నడుమ పొట్టిదైనను దృఢమైన రాతికట్ట, లోతైన గర్భము, చేరువలో రాతిగని, దిగువను సమతలమైన సారవంతపు పొలములు, నేర్పరులైన పనివారు మొదలగునవి అంగములు. కట్ట కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరన ఉండుట, నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, నీరు విస్తారమై పొలము కొంచెమగుట దోషములు. పొలిమేర చెరువు తగవులకు మూలమని ఆరువందల యేబదియేండ్ల క్రిందటనే కనిపెట్టి రాతిలో చెక్కిన వారి లోకజ్ఞతకు నేను చేతులు జోడించుచున్నాను. నదీజలములకై రాష్ట్రములు న్యాయసభలకెక్కు ఈ దినములలో ఆ వాక్యము మరల చదువదగినది.

తెలంగాణమున ఈ విద్యను రాజధర్మముగా చేసినవారు కాకతీయులు. పాకాల, రామప్ప, లక్నవరము నేటికిని పొలములను తడుపుచున్నవి. వారి వెనుక కుతుబ్‌షాహీలు వచ్చిరి. మతము మారినను చెరువు మారలేదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్‌సాగరము కట్టిన ముప్పదియేండ్లలోపలనే, 1591లో, నగరమునకు శంకుస్థాపన జరిగినదన్న విషయము గమనింపదగినది: ముందు చెరువు, తరువాత ఊరు. మన తూర్పుదారిన ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు ఆ సుల్తాను పేరనే నిలిచినది. కుతుబ్‌షాహీ రాణి హయత్‌బక్షీ బేగము పేర వెలసిన హయత్‌నగరున మసీదు ప్రక్కనున్న ‘హాథీబావి’ని చూచినవారికి ఎండునేల మీద రాజకుటుంబమైనను నీటికి ఎంత లోతునకు దిగవలసి వచ్చెనో తెలియును, ఏనుగులచే నీరు తోడించిన బావి కనుక దానికా పేరు.

అసఫ్‌జాహీల కాలమున రెవెన్యూ లెక్కలు భూమిని ‘తరి’ యనియు ‘ఖుష్కీ’ యనియు రెండుగా చీల్చినవి. తరి చెరువు చలువ, ఖుష్కీ ఆకాశపు దయ. చెరువును బాగుచేసి కాచువారికి దాని క్రింది శిస్తులో కొంతపాలు ముట్టునట్లు ‘దస్త్‌బంద్’ ఒప్పందములుండెడివి. కాపుదలకు కూలి ముట్టినంతకాలము కట్టలు నిలిచినవి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచిన పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఆ వరద గాథ అందరెరిగినదే గనుక ఇచ్చట విస్తరింపను.

ఈ ఏర్పాట్లు చెడినచో ఏమగునో చూడదలచినవారు అనంతపురము జిల్లాకు పోవలెను. అచ్చట ఏటి వాన సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. బొమ్మనహాళ్ మండలమున దర్గాహొన్నూరు చెంత, వేదవతి లేక హగరి యనబడు నది ఎండి, దాని యిసుకను నైఋతి గాలులు ఎత్తి తెచ్చి పొలముల మీద పోయగా, తెలుగునేల మీద అచ్చమైన ఇసుకదిబ్బలు లేచినవి. సినిమావారు ఎడారి దృశ్యములకై అచ్చటికి పోవుచున్నారు. విత్తనము వేసిన రైతు గాలి మరలిన మరునాడు తన పొలమును వెదకుకొనవలసిన దుర్దశ అది. అదే జిల్లాకేంద్రమునకు పేరిచ్చిన అనంతసాగరమును 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు కట్టించెను. ఒకే సీమలో ఒకచోట కట్ట, మరొకచోట ఇసుక. ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876–78లో, దక్కనునంతటను వచ్చిన మహాక్షామమున లక్షలాదిగా జనులు మడిసిరి. పాలమూరు మెట్టలనుండి ఏటేట మూటాముల్లె కట్టుకొని పోయి దేశమంతట ఆనకట్టలు కట్టిన కూలీలు ఈ పీఠభూమి బిడ్డలే. ఎల్లవారి నీటికి కట్ట వేసి తమ యూరికి నీరు లేక వలసబోయినవారి కథ మనసును కలచివేయును.

మన బడంగ్‌పేట కథలో తరువాతి ఘట్టము బోరుబావి. మోటయు తూమును కనుమరుగైన పిదప నేలకు రంధ్రము పొడిచినచో నీరు వచ్చునను ఆశ ప్రబలినది. చితికిన పైపొర అడుగున నీరు నిలుచునది పగుళ్ళలో మాత్రమే. ఆ పగుళ్ళలోనికి నీరు దించునది చెరువే యని మరచి చెరువును పూడ్చి బోరు దింపుట, కొమ్మను నరికి ఫలమును కోరుట వంటిది. 2004 నుండి నాగార్జునసాగరపు కృష్ణాజలము నగరమునకు రాసాగినది. నూరు కిలోమీటర్లకు పైగా నీటిని ఎత్తి తెచ్చుచున్నాము. తలాపుననున్న చెరువు పేరు మాత్రము మరచినాము. నగరము నడుమ ‘మా సాహెబా తలాబ్’ మాసాబ్‌ట్యాంకుగా మారి బస్‌స్టాపు పేరై మిగిలినది, నీరు లేదు. మీర్‌పేట, జిల్లెలగూడ చెరువుల గట్టులకు నేడు నడకబాటలు వచ్చినవి గాని, మురుగు రాక ఇంకను ఆగలేదు. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ యైనది. ఆ పెరుగుదల మంచిదే, ఇల్లు కోరుట ఎవరికిని తప్పు కాదు. తప్పంతయు ఎగువ మత్తడికిని దిగువ చెరువునకును నడుమ నీరు పోవు తోవను పటమునుండి తుడిచివేయుటలో ఉన్నది.

తోవను మనము మరచినను నీరు మరువదు. 2020 అక్టోబరు 13న పట్టిన వాన మరునాడు తెల్లవారునప్పటికి బేగంపేటలోనే సుమారు 19 సెంటీమీటర్లు కురిసినది. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలలో ఇండ్లలోనికి నీరు చొచ్చినది. ఆ వారమందే బాలాపూరు చెంత గుర్రంచెరువు కట్ట తెగి వేలాది కుటుంబములు వీధిన పడినవి. ఎనిమిది నెలలు ట్యాంకరు కొరకు బిందెలతో నిలిచిన వీథులలోనే పడవలు తిరిగినవి. ఈ ఎండునేల మీద కరువును వరదయు ఒక్క తల్లి బిడ్డలే. రెంటిని అదుపున ఉంచినది చెరువుల గొలుసు.

ఈ వ్యాసము చదువువారిలో బడంగ్‌పేట, మీర్‌పేట, బాలాపూరు, సరూర్‌నగర్ వాసులున్నచో నాదొక విన్నపము. వచ్చు మృగశిర కార్తె లోపల, మీ యింటికి ఎగువనున్న చెరువు ఏదో, దిగువనున్నది ఏదో, రెంటి నడుమ కాలువ ఏ వీథి క్రింద పోవుచున్నదో, నీరటి వంశములవారును ముదుసలులును బ్రదికియుండగనే అడిగి, పేర్లతో సహా వ్రాసిపెట్టుకొనుడు.